పి.డబ్ల్యు.1 అంటే నేనేనట

ఈ వారం వచ్చిన ఉత్తరం ఎనిమిది పేజీలు. రాసినామె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి, అవసరమైనంత వరకే ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకిప్పుడు 27 ఏళ్లు. 2017లో, 19 ఏళ్ల వయసులో, వరసకు బాబాయి అయ్యే ఒకాయన వేరే రాష్ట్రంలోని పెద్ద నగరంలో బట్టల షాపులో ఉద్యోగం ఉందని తీసుకెళ్లాడు. ఉద్యోగమూ లేదు, షాపూ లేదు. ఒక ఇంట్లో అప్పగించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. తన ఇష్టంతోనే వచ్చినట్టు రెండో రోజు ఒక కాగితం మీద ఆమెతో సంతకం పెట్టించారు. ఐదు నెలల తర్వాత పోలీసులు రైడ్ చేసి బయటికి తెచ్చారు. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చింది. తర్వాత 14 నెలలు రక్షణ గృహంలో, అంటే హోంలో ఉంచారు. “ఇంటికి పంపండి అంటే నీ మంచికే అనేవాళ్లు. ఆ ఇంటికీ తాళమే, ఈ హోంకీ తాళమే” అని రాసింది. రైడ్‌లో తనతో పాటు దొరికిన ఇంకో అమ్మాయి మీద మాత్రం విటులను పిలుస్తోందని కేసు పెట్టారట. ఆ అమ్మాయి ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఊరికి తిరిగొచ్చాక కుట్టుపని నేర్చుకుంది. పెళ్లయింది. భర్త ఎలక్ట్రీషియన్, మూడేళ్ల బాబు, కలిసే ఉంటున్న అత్తమ్మ. సిటీలో హాస్టల్లో ఉండి పని చేసి వచ్చిందని మాత్రమే వాళ్లకు తెలుసు.

నెల కిందట పుట్టింటికి కానిస్టేబుల్ వచ్చి అన్నయ్య చేతికి సమన్లు ఇచ్చి వెళ్లాడు. అన్నయ్య దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. “రోజూ డిలీట్ చేస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ తీసి చూస్తాను. అందులో పి.డబ్ల్యు.1 అని నా పేరు ఉంది. ఒకటో నంబరు ముద్దాయిని నేనేనా మేడమ్?”

అప్పటినుంచి బాబాయి తరఫు మనిషి ఫోన్లు చేస్తున్నాడు. మొదట మర్యాదగానే మాట్లాడాడు. మూడు లక్షలు ఇస్తాం, కోర్టులో ఆయన్ని గుర్తుపట్టలేదని చెప్పు చాలు అన్నాడు. ఈమె నోరు మెదపకపోయేసరికి, “మీ ఆయన నంబరు మా దగ్గర ఉందిలే అమ్మా” అన్నాడు.

మరోవైపు, ఆమెకు తెలిసిన ఒక మహిళా సంఘం వాళ్లు మనుషుల అక్రమ రవాణా బాధితుల కోసం సమగ్ర చట్టం కావాలని ఒక సభ పెడుతున్నారు. ప్రజాప్రతినిధులు వస్తారు, నీలాంటి వాళ్లు మాట్లాడితేనే చట్టం కదులుతుంది అంటున్నారు. “నన్ను ఏ చట్టం కాపాడిందని దానికి మద్దతివ్వాలి? ఇవ్వకపోతే నాలాంటి ఇంకో పిల్లకు ద్రోహం చేసినట్టా? కోర్టుకు వెళ్లాలా వద్దా? మా ఆయనకు చెప్పాలా వద్దా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

*

అమ్మా,

ముందు ఆ పి.డబ్ల్యు.1 సంగతి చూద్దాం, మీ నిద్ర పాడవడానికి సగం కారణం అదే. పి.డబ్ల్యు. అంటే ప్రాసిక్యూషన్ విట్‌నెస్. కేసు పెట్టిన ప్రభుత్వం తరఫు సాక్షి అని. ముద్దాయిలను కోర్టు కాగితాల్లో ఎ.1, ఎ.2 అని రాస్తారు. మీ ఫోటోలో అలాంటి వరస కూడా ఉండాలి, అందులో మీ బాబాయి పేరు వెతకండి. ఆయన ముద్దాయి, మీరు సాక్షి. ఒకటో నంబరు ఎందుకంటే, ఈ కేసుకు మూలం మీ మాటే కాబట్టి.

రెండో రోజు పెట్టించిన సంతకం గురించి రెండు చోట్ల రాశారు. అది ఇంకా గుచ్చుతోందని అర్థమైంది. మీ కేసు 2017 నాటిది కాబట్టి పాత శిక్షాస్మృతి, అంటే ఐపీసీ 370వ సెక్షన్ కింద నడుస్తుంది. నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ నివేదిక వచ్చాక 2013లో ఆ సెక్షన్‌ను పూర్తిగా తిరగరాశారు. మోసం చేసో, బెదిరించో, ఆశ చూపో, అధికారం చలాయించో ఒక మనిషిని దోపిడీ కోసం తీసుకెళ్తే అది అక్రమ రవాణా. బాధితురాలి సమ్మతి ఉందా లేదా అన్నది నేర నిర్ధారణలో లెక్కలోకి రాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లోనూ ఆ మాట అలాగే ఉంచారు. కాబట్టి అవతలి లాయరు ఆ కాగితం తీసి మీ మొహం ముందు ఆడించినా, “సంతకం నాదే, పెట్టించారు” అని చెప్పడానికి మీరు జంకనక్కర్లేదు. ఒక్కరిని రవాణా చేసినట్టు రుజువైతే కనీస శిక్ష ఏడేళ్లు. మూడు లక్షలు ఎక్కడినుంచి వస్తున్నాయో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు వెళ్లాలా వద్దా. నిర్ణయం మీదే. కానీ మీరు వెళ్లకపోవడాన్ని సమస్య తీరిపోయే దారిగా చూస్తున్నారు. అది అలా ఉండదు. సాక్షి రాకపోతే కోర్టు మొదట మళ్లీ సమన్లు పంపవచ్చు, తర్వాత బెయిలబుల్ వారెంటు, అప్పటికీ రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు. సమన్లు మీ అన్నయ్య చేతికి వచ్చి ఆగిపోయాయి. వారెంటు పట్టుకున్న కానిస్టేబుల్ మీరు ఉండే ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు. యూనిఫాంలో వచ్చి వాకిట్లో నిలబడి, తలుపు తీసిన అత్తమ్మనే మీ పేరు చెప్పి అడుగుతాడు. మీరు దేనికి భయపడి వెళ్లకూడదనుకుంటున్నారో అదే, మీ చేతిలో లేని సమయంలో జరుగుతుంది.

వెళ్లి, గుర్తుపట్టలేదని చెప్పడం ఇంకో దారి. చాలామంది చేస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఎన్నో ఏళ్ల తర్వాత పిలిస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ మీరు అప్పట్లో మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం ఫైల్లో ఉంది. దానికి విరుద్ధంగా మాట్లాడితే పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, కోర్టు అనుమతి తీసుకుని మిమ్మల్నే క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేస్తారు. తప్పుడు సాక్ష్యం కింద చర్య తీసుకునే అధికారం కూడా కోర్టుకు ఉంది. బాధితుల మీద దాన్ని ఎప్పుడో తప్ప వాడరు, కానీ లేదని చెప్పలేను. దానికంటే నన్ను ఆలోచింపజేసేది ఆ డబ్బు. మూడు లక్షలు తీసుకున్న రోజునుంచి వాళ్ల దగ్గర మీ మీద రెండు రహస్యాలు ఉంటాయి. మీ ఆయన నంబరు వాళ్ల దగ్గరే ఉంటుంది. రేపు ఇంకేదో అవసరం పడి మళ్లీ ఫోన్ చేయరని నమ్మకం ఏమిటి?

ఇక నిజం చెప్పడానికి వెళ్లే దారి. ఇది మీరు ఊహించుకుంటున్నట్టు ఉండనక్కర్లేదు. వేరే రాష్ట్రానికి రైలెక్కి, వంద మంది ముందు నిలబడి, బాబాయి చూస్తుండగా అంతా చెప్పాలని మీరు అనుకుంటున్నారు. ఈ మూడింటిలో ఒక్కటీ తప్పనిసరి కాదు. అయితే ఏదీ దానంతట అది జరగదు, అడగాలి. మన దగ్గర బాధితుల రక్షణ చట్టాలతో పెద్ద చిక్కు ఇదే. హక్కు పుస్తకంలో ఉంటుంది, అడిగేవాళ్లు ఉండరు.

మీ జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా బాధితులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. మహిళలందరికీ కూడా హక్కే, కాబట్టి అక్కడి కౌంటరులో మీరు ఏ బాధితురాలో చెప్పకుండానే “నాకు లాయరు కావాలి, మహిళా లాయరైతే మంచిది” అనవచ్చు. వెళ్లడం కష్టమైతే ముందు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆ లాయరు ద్వారా, మీ కేసు నడుస్తున్న కోర్టును మీ జిల్లా కోర్టునుంచే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోమని అడగవచ్చు. మీ జిల్లా కోర్టులోనో, న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులోనో ఒక గదిలో కూర్చుని చెబుతారు. ఉదయం బయల్దేరి సాయంత్రానికి ఇంటికొచ్చేంత పని. జడ్జి ఒప్పుకోకపోతే వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు ప్రయాణ ఖర్చులకు సాక్షి బత్తా అడగండి, తోడు మనిషిని తెచ్చుకుంటానని ముందే చెప్పండి.

రెండోది ఇన్ కెమెరా విచారణ. ఈ మాట వినగానే వీడియో తీస్తారేమోనని బెదిరిపోయేవాళ్లను చూశాను. కెమెరా ఏమీ ఉండదు. తలుపులు మూసి, సంబంధం లేనివాళ్లను బయటికి పంపి విచారించడమే అది. మీ ఛార్జిషీటులో అత్యాచారం సెక్షన్ ఉంటే తలుపులు మూయడం కోర్టు బాధ్యత. లేకపోయినా జడ్జికి ఆ అధికారం ఉంది. అలాగే ముద్దాయి కనబడకుండా మధ్యలో తెర పెట్టమని అడగవచ్చు. బలహీన స్థితిలో ఉన్న సాక్షుల కోసం ప్రత్యేక గదులు ఏర్పాటు చేయాలని 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్ని కోర్టుల్లోనూ ఒకేలా ఉన్నాయని అనుకోవద్దు, మీరు వెళ్లే చోట ఉందో లేదో లాయరు చేత ముందే కనుక్కోండి.

ఈ గది విషయం ఎందుకు పట్టుకున్నానంటే, చాలా ఏళ్ల కిందట ఒక సాక్షికి తోడుగా కోర్టుకు వెళ్లాను. ఇలాంటి కేసే. వరండాలో ఒకటే బెంచీ. ఆ చివర ఈ అమ్మాయి, ఈ చివర ముద్దాయి తల్లి. పదకొండు గంటలకు పిలుస్తామన్నవాళ్లు మూడింటికి పిలిచారు. మధ్యలో ఆ తల్లి లేచి వచ్చి, నీళ్ల సీసా మూత తీసి ఈ అమ్మాయి చేతికి ఇచ్చింది. ఒక్క మాటా అనలేదు. ఈ అమ్మాయి తాగింది. లోపలికి వెళ్లాక ఆ ముద్దాయిని గుర్తుపట్టలేదని చెప్పింది. బెదిరింపులకు లొంగని పిల్ల ఆ నీళ్ల సీసాకు లొంగింది. అందుకని, పిలిచేదాకా ఎక్కడ కూర్చోవాలో ముందే మాట్లాడుకోండి. కోర్టు ఆఫీసు గదిలో ఒక కుర్చీ అడిగినా ఇస్తారు. మీ ముద్దాయి చుట్టం. మీకు వరండా అసలు వద్దు.

క్రాస్‌లో అవతలి లాయరు తేదీలు అడుగుతాడు, గది రంగు అడుగుతాడు, ఏ బస్సెక్కారని అడుగుతాడు. ఎనిమిదేళ్లయింది. “గుర్తు లేదు” అన్నది కూడా జవాబే. ఊహించి చెప్పకండి. మాట అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడగండి, దుబాసీని ఏర్పాటు చేయాల్సింది కోర్టు. ముందు రోజు పీపీని కలిసి మీ పాత వాంగ్మూలం ఒకసారి చదివి వినిపించమనండి. ఆ రోజు రాత్రి నిద్ర పట్టదు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఆ ఫోను మనిషి గురించి. “మీ ఆయన నంబరు మా దగ్గర ఉంది” అన్నది మాటవరసకు అన్నది కాదు. పరువుకు హాని చేస్తానని బెదిరించి తప్పుడు సాక్ష్యం చెప్పించాలని చూడటం నేరం. భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షన్, ఏడేళ్ల వరకు శిక్ష. శరీరానికీ ఆస్తికీ చేసే హానితో పాటు పరువుకు చేసే హానిని కూడా చట్టం పేరు పెట్టి చెప్పింది. మీలాంటి వాళ్లను బెదిరించేది ఎక్కువగా దానితోనే కదా. బాబాయి బెయిల్ మీద ఉంటే, సాక్షిని బెదిరించారన్నది ఆ బెయిల్ రద్దుకు గట్టి కారణం.

కాబట్టి కాల్ వివరాలు, వాయిస్ మెసేజ్‌లు ఏవీ తీసేయకండి. వాటిని మీరు నమ్మే ఒకరి ఫోన్‌కు కూడా పంపి ఉంచండి. మీ అన్నయ్య అయితే మంచిదే, కానీ ఆయన మీద వాళ్ల ఒత్తిడి ఏమీ లేదని ముందు తెలుసుకోండి. ఒకే ఊరు, ఒకే చుట్టరికం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. తర్వాత సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టవచ్చు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ పథకాన్ని ఆమోదించి దేశమంతా చట్టంలాగే అమలు చేయాలంది. ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. ముప్పు ఎంత ఉందో పోలీసు అధికారి ఐదు పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. రక్షణ అంటే గన్‌మన్‌ను ఇస్తారని కాదు. కోర్టుకు తోడు రావడం, ఫోన్ నంబరు మార్పించడం, మీరూ ముద్దాయీ ఎదురుపడకుండా చూడటం, ఇలాంటివి. అడిగేటప్పుడు ఒక షరతు రాయించండి: పోలీసులు మఫ్టీలోనే రావాలి, ఇంటికి కాకుండా మీరు చెప్పిన చోటికి రావాలి. అది రాయించకపోతే రక్షణ పేరుతోనే రహస్యం బయటపడుతుంది.

దరఖాస్తు పెట్టడం వల్ల ఇబ్బంది లేదా అంటే ఉంది. ఫిర్యాదు చేశారని తెలిస్తే అవతలివాడు పంతానికి పోయి మీ ఆయనకు ఫోన్ చేయవచ్చు. అది తెలిసే అడుగు వేయండి.

ఇక్కడికొచ్చేసరికి ఆయనకు చెప్పాలా అన్న ప్రశ్నను తప్పించుకోలేం. మీ గతాన్ని భర్తకు చెప్పి తీరాలని ఏ చట్టమూ లేదు. ఇన్నాళ్లు చెప్పకపోవడం మోసం కాదు. మీకు జరిగిన నేరాన్ని ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది మీ చేతిలో ఉండాల్సిన విషయం. అయితే ఇప్పుడు అది సగమే మీ చేతిలో ఉంది, మిగతా సగం ఆ ఫోను మనిషి దగ్గర ఉంది. అసలు చెప్పకుండా నెట్టుకురావచ్చు. వీడియోలో సాక్ష్యం చెప్పి, రోజుకు రోజు ఇంటికొచ్చేస్తే బయటపడకపోవచ్చు. కానీ ప్రతి ఫోన్ మోతకూ గుండె దడ ఉంటుంది.

కొంత చెప్పవచ్చు కూడా. “పెళ్లికి ముందు పని పేరుతో ఒకడు మోసం చేశాడు, పోలీసులు కేసు పెట్టారు, నేను సాక్షిని, ఇప్పుడు పిలిచారు.” ఇందులో అబద్ధం లేదు. అంతా లేదు, అంతే. దీంతో మీకు కొంత ఊపిరి దొరుకుతుంది, ఆ మనిషి ఫోన్ చేసినా అది పిడుగులా పడదు. ఆయన ఇంకా అడిగితే “మిగతాది ఇప్పుడు చెప్పలేను” అనే హక్కు మీకుంది. అంతా చెప్పడం ఎలా ఉంటుందో మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం బట్టి చూస్తున్నాను. టీవీలో ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఆయన “పాపం ఆ పిల్లలు” అన్నారని రాశారు. మంచి గుర్తే. కానీ టీవీలో పిల్ల వేరు, ఇంట్లో భార్య వేరు. ఆ మాట ఒక్కటి పట్టుకుని దూకమని నేను చెప్పలేను.

నన్నడిగితే రెండో దారి వైపు మొగ్గుతాను, అది కూడా సాక్ష్యం తేదీకి ముందే. అత్తమ్మ ఇంట్లో లేనప్పుడు చెప్పండి. వీలైతే మొదట మీరొక్కరే సఖి కేంద్రానికి (కష్టాల్లో ఉన్న మహిళల కోసం ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం) వెళ్లి కౌన్సిలర్‌తో మాట్లాడండి, 181కి ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం ఎక్కడుందో చెబుతారు. ఆయన ఎప్పుడైనా చేయి చేసుకునే మనిషా అన్నది మీరు రాయలేదు. అలాంటి మనిషైతే నేను పైన మొగ్గుతానన్నది వెనక్కి తీసుకుంటున్నాను. అప్పుడు ముందు మీరూ బాబూ వెళ్లి ఉండగల చోటు, చేతిలో కొంత డబ్బు, మీ సర్టిఫికెట్లు చూసుకోవాలి. మాట్లాడటం ఆ తర్వాత.

ఇక ఆ సభ. “నన్ను ఏ చట్టం కాపాడింది?” అన్న వాక్యాన్ని చాలాసార్లు చదివాను. న్యాయమైన కోపం. కానీ రైడ్ చేసి బయటికి తెచ్చిందీ చట్టమే, 14 నెలలు తాళం వేసిందీ చట్టమే. అప్పుడు మిమ్మల్ని ఉంచింది 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కింద. మేజిస్ట్రేటు విచారణ జరిపి ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచవచ్చని దాని 17వ సెక్షన్ అంటుంది. మీరు 19 ఏళ్ల మనిషి, మేజరు. వెళ్తానంటే ఎందుకు పంపలేదు అన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదు. ఇష్టం లేకుండా హోంలలో ఉంచిన మేజరు మహిళల కేసులు పరిశీలించి, వారిని కాలపరిమితితో విడుదల చేయాలని 2022 మే 19న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వులో చెప్పింది. మీకు అది ఐదేళ్లు ఆలస్యం. మీతో దొరికిన ఆ అమ్మాయి మీద పెట్టింది అదే చట్టంలో 8వ సెక్షన్ అయి ఉండాలి. అమ్మినవాడి కోసం రాసిన చట్టంలోనే, అమ్ముడుపోయిన పిల్లను బోనెక్కించే సెక్షన్ ఉంది.

కాబట్టి మద్దతు ఇవ్వాలా అని కాకుండా, ఏ చట్టానికి, అందులో దేనికి అని అడగండి. 2018 జులైలో అక్రమ రవాణా మీద సమగ్ర బిల్లును లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం పొందకుండానే లోక్‌సభ గడువు ముగియడంతో రద్దయింది. 2021లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కొత్త ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది. అది ఇంకా చట్టం కాలేదు. ఈ బిల్లులను సమర్థించినవాళ్లూ, విమర్శించినవాళ్లూ ఇద్దరిలోనూ బాధితుల పక్షాన పనిచేసేవాళ్లే ఉన్నారు. పెద్ద తగాదా దేని మీదంటే పునరావాసం మీద. హోంలో పెట్టి బాగుచేయడమా, సొంత ఊళ్లో సొంత ఇంట్లో ఉంటూ పని, వైద్యం, లాయరు అందేలా చూడటమా? 14 నెలలు లోపలుండి వచ్చిన మీకు దీని మీద చెప్పడానికి ఉంది. వేదిక మీద మాట్లాడే చాలామంది దగ్గర అది లేదు.

నేనైతే ఏ బిల్లు వచ్చినా కొన్ని మాటలు ఉన్నాయా అని చూస్తాను. రవాణా చేయబడినందువల్ల ఆ మనిషి మీద పడిన కేసులు ఉండకూడదు అన్న మాట స్పష్టంగా ఉందా. మేజరును ఆమె ఒప్పుకోకుండా హోంలో ఉంచరా. పరిహారం ముద్దాయికి శిక్ష పడేదాకా ఆగుతుందా, ఆగదా. సాక్ష్యం బాధితురాలు ఉన్న చోటినుంచే తీసుకోవడం జడ్జి దయ మీద కాకుండా హక్కుగా ఉందా. శిక్షలు పెంచామన్న మాటకు సభల్లో చప్పట్లు బాగా పడతాయి. మీ కేసు ఎనిమిదేళ్లు నడిచింది శిక్ష చాలక కాదు కదా.

అయితే ఇవి చెప్పడానికి మీ మొహం అక్కర్లేదు. ఆ సంఘం వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ “నీలాంటి వాళ్లు మాట్లాడితేనే” అన్న మాట నాకు నచ్చలేదు. సభలో ప్రతి చేతిలో ఒక ఫోను ఉంటుంది. మీ బాబు పెద్దవాడయ్యాక కూడా ఆ వీడియో తిరుగుతూనే ఉంటుంది. పైగా విచారణలో ఉన్న కేసు. బయట మైకులో చెప్పిన దానికీ, కోర్టులో చెప్పిన దానికీ ఒక చిన్న తేడా దొరికితే చాలు, క్రాస్‌లో దాన్నే పట్టుకుంటారు. మీ సాక్ష్యం అయ్యేదాకా వేదిక ఎక్కవద్దు. ఇంత ఖచ్చితంగా నేను చెప్పే మాట ఈ ఉత్తరంలో ఇదొక్కటే.

మద్దతివ్వాలని మనసులో ఉంటే వేరే దారులున్నాయి. పేరు లేకుండా రెండు పేజీలు రాసి ఇవ్వండి: హోంలో ఒక రోజు ఎలా గడిచేది, ఫోన్ ఎన్నాళ్లకు ఇచ్చారు, ఇంటికి పంపమన్నప్పుడు ఎవరు ఏమన్నారు. వాళ్ల వినతిపత్రంలో అది చేరితే చాలు. లేదా గదిలో నలుగురే ఉండే సమావేశానికి, ఫోన్లు బయట పెట్టాలన్న షరతు మీద వెళ్లండి. లేదా ఇప్పుడేమీ చేయకండి. కేసు అయిపోయాక, రెండేళ్లకో పదేళ్లకో, అనిపిస్తే చూసుకోవచ్చు. ఇంకో పిల్లకు ద్రోహమా అని అడిగారు. ఇంకో పిల్లను తీసుకెళ్లేది బాబాయి లాంటివాళ్లు. ఆ లెక్క మీ మీద వేసుకోకండి.

పరిహారం ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అప్పట్లో మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేరం జరిగిన రాష్ట్రంలోని బాధితుల పరిహార పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ముద్దాయికి శిక్ష పడకపోయినా, దొరకకపోయినా కూడా ఇవ్వవచ్చని చట్టంలో ఉంది. గడువు దాటిందేమో అనుకోకండి. విచారణ ఇంకా ముగియలేదు, పైగా తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. అక్కడిదాకా వెళ్లకుండా ఇక్కడి న్యాయసేవాధికార సంస్థ ద్వారానే పంపించమని అడగండి. వచ్చే డబ్బు ఆ మూడు లక్షల కంటే తక్కువే కావచ్చు, ఆలస్యమూ కావచ్చు. కానీ అది తీసుకున్నందుకు మీరు ఎవరికీ ఏమీ బాకీ పడరు.

తేదీకి ఇంకా మూడు వారాలు ఉందన్నారు. వీడియో కోసం దరఖాస్తు పెట్టాలన్నా, లాయరును పెట్టుకోవాలన్నా మొదటి వారమే కావాలి. ఆ ఫోటో ఇక డిలీట్ చేయకండి. అందులో కేసు నంబరు, కోర్టు పేరు, తేదీ ఉంటాయి. ఆ మూడూ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. 15100కు ఫోన్ చేసినా, న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లినా వాళ్లకు ముందు కావాల్సింది ఆ మూడే. ఫోటో చూపించాల్సిన పని కూడా లేదు.